వరి మడిలో కూలి అడగని కాపలాదారులు

ప్రత్యేక వ్యాసం: మిత్ర పురుగుల సంరక్షణే సస్యరక్షణకు తొలి మెట్టు

అబ్దుల్లాపూర్‌మెట్ (రంగారెడ్డి జిల్లా):

హైదరాబాద్ నగరం తూర్పు దిశగా విస్తరిస్తున్న మార్గంలో దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్, హయత్‌నగర్ ప్రాంతాలను దాటి విజయవాడ జాతీయ రహదారిపై ముందుకు సాగితే పెద్ద అంబర్‌పేట, ఆ పిదప అబ్దుల్లాపూర్‌మెట్ వస్తాయి. 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ సందర్భంగా హయత్‌నగర్ మండలం నుండి వేరుపడి ప్రత్యేక మండలంగా ఏర్పడిన ఈ ప్రాంతంలో పల్లె, పట్నం పక్కపక్కనే కనిపిస్తాయి. గట్టుకు అటువైపు ఇళ్ల స్థలాల హద్దురాళ్లు, ఇటువైపు నాటు వేసిన వరి మడి. మూసీ వెంబడి కొందరు, చెరువులు, బోరుబావుల కింద మరికొందరు నేటికీ వరినే నమ్ముకుని ఉన్నారు.

ఇక్కడి వరి రైతుకు ఎదురయ్యే ప్రశ్న రాష్ట్రంలోని లక్షలాది వరి రైతులు ఎదుర్కొనే ప్రశ్నయే. నాటిన మూడు నాలుగు వారాలకు కొన్ని ఆకులు ముడుచుకొని వాటిపై తెల్లటి చారలు కనిపిస్తాయి. పక్క మడి రైతు అప్పటికే పిచికారీ చేసి ఉంటాడు. దుకాణంలో మందు సీసా సిద్ధంగా ఉంటుంది. కొట్టాలా, ఆగాలా? తొందరపడి కొట్టిన మందు ఖర్చు ఆ రోజుతో తీరిపోదు. రెండు నెలల తర్వాత కంకి పాలు పోసుకునే వేళ అది సుడిదోమ రూపంలో వడ్డీతో సహా తిరిగి వచ్చే ప్రమాదం ఉంది. ఇది ఎలా జరుగుతుందో, సేంద్రియ పద్ధతిలోనైనా, రసాయనాలు వాడే సాధారణ పద్ధతిలోనైనా దీనిని నివారించే మార్గం ఏమిటో రైతు సోదరులకు, సోదరీమణులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మడిలో శత్రువులు

వరి పైరులో కనిపించే పురుగులన్నీ శత్రువులు కావు. నిజంగా నష్టం కలిగించేవి కొన్ని మాత్రమే. వాటిలో ముఖ్యమైనది కాండం తొలుచు పురుగు. మన రైతులు దీనిని మొగి పురుగు అని కూడా అంటారు. ఇది పిలక దశలో ఆశిస్తే మొవ్వు ఎండిపోతుంది. ఈనిక దశలో ఆశిస్తే గింజ లేని తెల్లకంకులు వస్తాయి. ఉత్తర తెలంగాణ జిల్లాలలో తరచుగా కనిపించే ఉల్లికోడు సోకిన పిలక ఉల్లికాడ వలె గొట్టంగా మారి కంకి వేయదు. ఆకుముడత పురుగు ఆకును ముడిచి లోపల ఉండి పచ్చదనాన్ని గోకి తింటుంది.

వీటన్నింటిలోనూ రైతును ఎక్కువగా భయపెట్టేది సుడిదోమ. ఇది దుబ్బు మొదట్లో, నీటి మట్టానికి కాస్త పైన గుంపులుగా చేరి రసం పీలుస్తుంది. గట్టు మీద నిలబడి చూసేవారికి పైరు పచ్చగానే కనిపిస్తుంది. దోమ ఉధృతి పెరిగిన తర్వాత ఒక్కసారిగా మడి మధ్యలో సుడులు సుడులుగా పైరు ఎండి పడిపోతుంది. దీనినే దోమపోటు అంటారు. బాపట్ల పరిశోధన కేంద్రం నుండి 1986లో విడుదలై, సన్నబియ్యంగా ప్రజాదరణ పొందిన సాంబ మసూరి రకానికి దోమను తట్టుకునే శక్తి లేదు. అందువల్లనే సన్నరకాలు సాగు చేసే రైతు ఈ విషయంలో మరింత అప్రమత్తంగా ఉండవలసి వస్తుంది.

మడిలో మిత్రులు

శత్రు పురుగులను వేటాడి తినేవాటిని పరభక్షకులని, వాటి గుడ్లలోనో శరీరంలోనో పెరిగి చంపేవాటిని పరాన్నజీవులు లేదా బదనికలని వ్యవసాయ శాస్త్రం పేర్కొంటుంది. రైతుకు రెండూ మిత్రులే. తెల్లవారుజామున మంచు తడి ఆరకముందే మడిలోకి దిగి నాలుగు దుబ్బులను చేతితో విడదీసి చూస్తే వీటిలో చాలా వాటిని గుర్తించవచ్చు.

మొదట చెప్పుకోవలసినవి సాలీళ్లు. ఎనిమిది కాళ్లు గల ఇవి నిజానికి కీటకాలు కావు. వీటిలో తోడేలు సాలీడు గూడు అల్లదు. దుబ్బు మొదళ్ల మధ్య, నీటిపైన పరుగెత్తి వేటాడుతుంది. వీపుపై చీలిన గీత వంటి గుర్తు దీని ఆనవాలు. ఆడ సాలీడు గుడ్ల సంచిని వెంటబెట్టుకొని తిరుగుతుంది. పిల్లలు బయటికి వచ్చాక వాటిని వీపుపై మోస్తుంది. ఒక తోడేలు సాలీడు రోజుకు 5 నుండి 15 వరకు పురుగులను తింటుందని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నమోదు చేశారు. ఆకుల నడుమ వలలు అల్లే పొడుగు కాళ్ల సాలీడు రోజుకు రెండు మూడు పురుగులను పట్టుకుంటుంది.

రెండవది మిరిడ్ నల్లి. నలుపు, ఆకుపచ్చ రంగులు కలిసిన ఈ చిన్న నల్లిని చూసి చాలామంది దోమగా పొరబడతారు. సుడిదోమ తన గుడ్లను ఆకు తొడిమల కణజాలంలో దాచి పెడుతుంది. మిరిడ్ నల్లి సూది వంటి ముక్కుతో తొడిమను గుచ్చి రోజుకు 7 నుండి 10 గుడ్ల వరకు పీల్చివేస్తుంది. పిచికారీ మందు చేరలేని చోటికి కూడా ఈ నల్లి చేరుతుంది.

నీటి ఉపరితలంపై గుంపుగా తిరిగే మైక్రోవీలియా అనే చిరు నల్లి, దుబ్బు నుండి జారి నీటిలో పడిన దోమ పిల్లలను వదలదు. పొడుగు మెడ గల నేల పెంకుపురుగు ఆకుముడతలలోకి దూరి రోజుకు 3 నుండి 5 గొంగళి పురుగులను తింటుంది. ఎర్రటి అక్షింతల పురుగులు, తూనీగలు, సూది తూనీగలు ఈ కాపలాలో పాలుపంచుకుంటాయి. ఇక కంటికి సరిగా కనిపించని బదనికల పాత్ర వేరు. ట్రైకోగ్రామా, టెలినోమస్, టెట్రాస్టికస్ జాతుల బదనికలు కాండం తొలుచు పురుగు గుడ్లలోనే తమ సంతానాన్ని పెంచుతాయి. దానితో పురుగు గుడ్డు నుండి బయటికి రాకముందే అంతమవుతుంది. అనాగ్రస్ అనే సూక్ష్మ బదనిక సుడిదోమ గుడ్లను ఇదే విధంగా నాశనం చేస్తుంది.

మందు కొడితే దోమ ఎందుకు పెరుగుతుంది?

సుడిదోమ ఆడ పురుగు తన జీవితకాలంలో 200 నుండి 300 వరకు గుడ్లు పెట్టగలదు. గుడ్డు వారం పది రోజులలో పిల్ల అవుతుంది. దాదాపు నెల రోజులలో ఒక తరం పూర్తవుతుంది. ఆకుముడత కోసమని నాటిన నెల రోజులలోపు సింథటిక్ పైరిత్రాయిడ్ వంటి మందును చల్లామనుకుందాం. ఆ మందు ఆకులపై ఉన్న గొంగళి పురుగులను చంపుతుంది. వాటితోపాటే సాలీళ్లను, మిరిడ్ నల్లులను, బదనికలను కూడా చంపుతుంది. తొడిమల లోపల దాగిన దోమ గుడ్లు మాత్రం క్షేమంగా ఉంటాయి. వారం తర్వాత అవి పొదిగి పిల్లలు బయటికి వచ్చేసరికి వాటిని తినేవారు మడిలో ఉండరు. సాలీడు నెమ్మదిగా పెరిగే జీవి. దాని సంతతి తిరిగి నిండేలోపు దోమ ఒకటి రెండు తరాలు దాటిపోతుంది.

దీనినే శాస్త్రవేత్తలు పురుగు పునరుజ్జీవనం అంటారు. పైరిత్రాయిడ్లతో పాటు మిథైల్ పారాథియాన్, క్వినాల్‌ఫాస్ వంటి మందుల వాడకం తర్వాత సుడిదోమ పెరిగినట్లు ఆసియాలోని పలు దేశాల పరిశోధనలలో తేలింది. రైతు మాత్రం దోమ పెరిగింది కనుక మందు చాలలేదని భావించి మరొకసారి పిచికారీ చేస్తాడు. క్రమేణా దోమ మందుకు అలవాటు పడుతుంది. ఒకప్పుడు తిరుగులేనిదిగా పేరుపొందిన ఇమిడాక్లోప్రిడ్‌ను సైతం సుడిదోమ తట్టుకొని నిలుస్తున్నట్లు 2003 తర్వాత ఆసియాలోని అనేక వరి ప్రాంతాలలో వెల్లడయింది.

ఇండోనేషియా, వియత్నాం అనుభవాలు

ఈ సంగతిని ఒక దేశం మొత్తం కష్టపడి నేర్చుకున్నది. 1970, 1980 దశకాలలో ఇండోనేషియా ప్రభుత్వం పురుగుమందులపై భారీగా రాయితీ ఇచ్చింది. మందుల వాడకం పెరిగిన కొద్దీ దోమపోటు కూడా పెరిగింది. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో పీటర్ కెన్మోర్ తదితరులు జరిపిన అధ్యయనాలు మిత్ర పురుగుల నాశనమే దీనికి మూలమని చాటాయి. 1986 నవంబరులో అధ్యక్షుడు సుహార్తో వరిపై 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధిస్తూ ఉత్తర్వు జారీ చేశారు. తర్వాత మందులపై రాయితీని కూడా తొలగించారు. పురుగుమందుల వాడకం గణనీయంగా తగ్గింది. వరి ఉత్పత్తి తగ్గలేదు సరికదా పెరిగింది. 1989లో అక్కడ ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో మొదలైన రైతు పొలంబడులు క్రమంగా మన దేశానికి, మన రాష్ట్రానికి విస్తరించాయి. గట్టు మీదనే తరగతి, పైరే పాఠ్యపుస్తకం అన్నది వాటి పద్ధతి.

వియత్నాం అనుభవం సమాచార రంగంలో పనిచేసేవారికి ప్రత్యేకంగా ఆసక్తి కలిగిస్తుంది. 1994లో మెకాంగ్ డెల్టా ప్రాంతంలో శాస్త్రవేత్తలు రైతులకు ఒకే ఒక చిన్న సందేశం ఇచ్చారు: విత్తిన తర్వాత మొదటి 40 రోజులు ఆకుముడతకు మందు కొట్టకండి, నమ్మకం కుదరకపోతే మీ పొలంలోనే చిన్న మడిలో పరీక్షించి చూడండి. కరపత్రాలు, గోడపత్రికలు, రేడియో నాటికల ద్వారా ఈ సందేశం పల్లెపల్లెకు చేరింది. పిచికారీల సంఖ్య దాదాపు సగానికి తగ్గింది, దిగుబడి దెబ్బతినలేదు. లేత వయసులో పోయిన ఆకులకు బదులు వరి మొక్క కొత్త ఆకులు వేసుకుంటుంది. ఆ వయసులో ఆకుముడత కంటికి పెద్దదిగా కనిపించినా గింజకు చేసే నష్టం స్వల్పం.

పశువుల ఎరువుకు, సాలీడుకు ఉన్న సంబంధం

సేంద్రియ మడిలో మిత్ర పురుగులు ఎందుకు ఎక్కువగా ఉంటాయి? మందు కొట్టకపోవడం ఒక కారణం మాత్రమే. రెండవ కారణం నేలలో ఉంది. పశువుల ఎరువు, పచ్చిరొట్ట ఎరువు, కలియదున్నిన కొయ్యకాళ్లు నీటిలో కుళ్లేటప్పుడు వాటిని తిని బతికే చిరు ఈగలు, నీటి కీటకాలు అసంఖ్యాకంగా పుడతాయి. ఇవి పైరును ముట్టవు. నాటు వేసిన తొలి వారాలలో, శత్రు పురుగులు ఇంకా రాకముందే, సాలీళ్లకు, నీటి నల్లులకు ఇవే ఆహారం. ఆ తిండి దొరకడం వల్ల వేటగాళ్ల సంఖ్య ముందుగానే పెరిగి, దోమ వచ్చే నాటికి కాపలా సిద్ధంగా ఉంటుంది. ఇండోనేషియాలో జరిపి 1996లో ప్రచురించిన పరిశోధన ఈ గొలుసును స్పష్టంగా వివరించింది.

దీని నుండి సాధారణ పద్ధతి రైతు కూడా నేర్చుకోవలసింది ఉంది. రసాయన ఎరువు వాడే మడికి సైతం నాలుగు బండ్ల పశువుల ఎరువు, నాటుకు ముందు దున్నిన జీలుగ లేదా జనుము మిత్ర పురుగులకు తొలి భోజనం అవుతాయి. నాటిన వెంటనే విచక్షణ లేకుండా గుళికలు చల్లడం ఆ భోజనాన్ని, భోక్తలను కూడా తుడిచిపెడుతుంది. ఇలా దశాబ్దాల పాటు విరివిగా వాడిన ఫోరేట్ గుళికల వినియోగం, కేంద్ర ప్రభుత్వం 2018లో జారీ చేసిన ఉత్తర్వు ప్రకారం 2020 డిసెంబరు 31 నుండి నిషిద్ధం. మిథైల్ పారాథియాన్ కూడా అదే ఉత్తర్వు కింద నిషేధానికి గురైంది. ఎవరైనా పాత నిల్వలను అంటగట్టజూస్తే రైతులు నిరాకరించాలి.

సేంద్రియ సాగు: తెలుగు నేల అనుభవం

పురుగుమందులు లేని సాగు మన ప్రాంతానికి కొత్త కాదు. అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామ రైతులు పత్తి వంటి పంటలోనే 2004 నాటికి పురుగుమందులకు స్వస్తి పలికారు. అప్పటి వరంగల్, నేటి జనగామ జిల్లాలోని లింగాల ఘనపూర్ మండలం ఏనబావి గ్రామం మరో అడుగు ముందుకు వేసి, రసాయన ఎరువులను కూడా వదలి, 2006లో సంపూర్ణ సేంద్రియ గ్రామంగా ప్రకటించుకున్నది. అక్కడి ప్రధాన పంటలలో వరి ఒకటి. 2004-05లో ఉమ్మడి రాష్ట్రంలో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ మహిళా సంఘాల ద్వారా ప్రారంభించిన సుస్థిర వ్యవసాయ కార్యక్రమం 2009 నాటికి 3 లక్షలకు పైగా రైతులకు చేరింది.

అయితే ఇక్కడ ఒక తేడాను గమనించాలి. పురుగుమందులు లేని సాగు వేరు, సేంద్రియ సాగు వేరు. మొదటి దానిలో రసాయన ఎరువులకు చోటు ఉండవచ్చు. రెండవ దానిలో ఉండదు. సేంద్రియ ధాన్యమని చెప్పి అమ్మాలంటే ధ్రువీకరణ కూడా అవసరం. 2001 నుండి అమలులో ఉన్న జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం, రైతు బృందాలు పరస్పరం తనిఖీ చేసుకునే భాగస్వామ్య హామీ విధానం ఇందుకు ఉన్న రెండు మార్గాలు. పరివర్తన కాలంలో దిగుబడి కొంత తగ్గే అవకాశం ఉన్నందున, మొత్తం పొలాన్ని ఒకేసారి మార్చకుండా ఒకటి రెండు మడులతో ప్రారంభించడం వివేకం.

సేంద్రియం అన్నంత మాత్రాన కషాయాలను ఇష్టం వచ్చినట్లు చల్లవచ్చునని భావించరాదు. వేపగింజల కషాయం సాలీళ్లకు అంతగా హాని చేయదు. పొగాకు కషాయంలోని నికోటిన్ మాత్రం మిత్ర పురుగును, శత్రు పురుగును సమానంగా చంపుతుంది, చల్లే మనిషికి సైతం ప్రమాదకరం. సేంద్రియ రైతుకైనా ముందు చూపు, తర్వాతే చేత.

సేంద్రియ మడిలోనూ మిత్ర పురుగులు అన్ని వేళలా గట్టెక్కించలేవన్నది మరొక నిజం. ఉల్లికోడును అదుపు చేసే ప్లాటిగాస్టర్ బదనిక ఎక్కువగా వృద్ధి చెందే సమయానికి పైరుకు జరగవలసిన నష్టం జరిగిపోయి ఉంటుంది. ఉల్లికోడు వచ్చే ప్రాంతాలలో సురేఖ, కావ్య, ఎర్రమల్లెలు వంటి తట్టుకునే రకాలను శాస్త్రవేత్తలు రూపొందించింది ఇందుకే. దోమ బెడద ఉన్న చోట్ల తట్టుకునే శక్తి గల ఎం.టి.యు. 1010 వంటి రకాలు మేలు. రకం ఎంపిక కోట గోడ వంటిది. మిత్ర పురుగులు ఆ కోటలోని కాపలాదారులు. ఒకటి ఉన్నదని రెండవ దానిని వదులుకోరాదు.

సాధారణ సాగులో: ముందు లెక్క, తర్వాతే మందు

భారత ప్రభుత్వం 1985 నుండి సమగ్ర సస్యరక్షణను జాతీయ సస్యరక్షణ విధానంలో ప్రధానాంశంగా స్వీకరించింది. మందును పూర్తిగా వద్దనడం ఈ పద్ధతి ఉద్దేశం కాదు. మందును చివరి అస్త్రంగా నిలపడమే దీని సారాంశం. మన అదృష్టవశాత్తు ఈ రంగంలో దేశానికి మార్గదర్శనం చేసే సంస్థలు హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోనే ఉన్నాయి. 1965లో అఖిల భారత సమన్వయ వరి అభివృద్ధి పథకంగా మొదలైన సంస్థ నేడు భారతీయ వరి పరిశోధన సంస్థగా కొనసాగుతున్నది. 1966లో ఏర్పడిన సస్యరక్షణ శిక్షణ సంస్థ 2008లో జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థగా రూపాంతరం చెందింది.

వారానికి ఒకసారి మడిలో ఐదు చోట్ల, చోటుకు నాలుగు దుబ్బుల చొప్పున 20 దుబ్బులను పరిశీలించాలి. గట్టు పక్క దుబ్బులను లెక్కలోకి తీసుకోరాదు. దుబ్బును ఒక పక్కకు వంచి, మొదట్లో అరచేతితో తట్టి, నీటిపై పడిన వాటిని లెక్కించాలి. ఒక కాగితంపై రెండు వరుసలు గీసి, ఒక వరుసలో శత్రువులను, మరొక వరుసలో మిత్రులను రాసుకోవాలి. సాధారణంగా రెండు శత్రు పురుగులకు ఒక మిత్ర పురుగు చొప్పున ఉంటే మందు అవసరం ఉండదని పొలంబడులలో బోధిస్తారు. సుడిదోమ పిలక దశలో దుబ్బుకు 10 నుండి 15, ఈనిక దశలో 20 నుండి 25 దాటినపుడు, మిత్ర పురుగుల బలం చాలనపుడు మాత్రమే పిచికారీకి ఆలోచించాలి. ఆకుముడతకు దుబ్బుకు ఒకటి రెండు కొత్తగా దెబ్బతిన్న ఆకులను, కాండం తొలుచు పురుగుకు చదరపు మీటరుకు ఒక గుడ్ల సముదాయాన్ని లేదా 5 శాతం ఎండిన మొవ్వులను హద్దుగా తీసుకుంటారు.

ఖర్చు లేని ఇతర జాగ్రత్తలు కూడా ఉన్నాయి. నాటేటప్పుడు నారు కొనలను తుంచివేస్తే వాటిపై ఉన్న కాండం తొలుచు పురుగు గుడ్లు మడిలోకి చేరవు. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల వెడల్పున తూర్పు పడమరలుగా కాలిబాటలు వదిలితే దుబ్బుల మొదళ్లకు గాలి, వెలుతురు అంది దోమ ఉధృతి తగ్గుతుంది. లింగాకర్షక బుట్టలను ఎకరాకు మూడు చొప్పున పెడితే రెక్కల పురుగుల రాకను కనిపెట్టవచ్చు. మడిలో ఏరిన గుడ్ల సముదాయాలను నలిపివేయకుండా వెదురు బుట్టలో వేసి గట్టున ఉంచడం మేలు. వాటిలో పెరిగిన బదనికలు సందులలో నుండి బయటికి ఎగిరి మళ్లీ మడికి చేరతాయి. పురుగు పిల్లలు మాత్రం పైరును అందుకోలేవు. ట్రైకోగ్రామా కార్డులు దొరికే చోట కాండం తొలుచు పురుగుకు జపానికం రకాన్ని, ఆకుముడతకు కిలోనిస్ రకాన్ని ఎంచుకోవాలి. కార్డు కట్టిన రోజులలో ఏ పిచికారీ చేయరాదు.

గట్టుపై పూలు, కొమ్మపై పాలపిట్ట

బదనికలు పెద్దయ్యాక పూల తేనెను, పుప్పొడిని తిని బతుకుతాయి. పూత లేని మడిలో అవి ఎక్కువ కాలం నిలువవు. గట్లపై నువ్వులు, బంతి, అలసంద, పెసర వంటివి వేస్తే వాటికి ఆహారం, ఆశ్రయం రెండూ లభిస్తాయి. చైనా, థాయిలాండ్, వియత్నాం దేశాలలో ఈ విధంగా గట్లపై పూల మొక్కలు పెంచిన పొలాలలో పురుగుమందుల వాడకం 70 శాతం తగ్గి, దిగుబడి 5 శాతం పెరిగినట్లు 2016లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. బతుకమ్మకు పూలు కోసుకునే గట్టు అంటే తెలంగాణ ఆడపడుచులకు కొత్తగా చెప్పనక్కరలేదు. గడ్డిమందు చల్లి ఆ గట్టును బోడి చేయకుండా ఉంటే పండుగకు పూలు, పైరుకు రక్ష రెండూ దక్కుతాయి.

దసరా నాడు దర్శనం శుభమని మనం భావించే పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి. తీగలపైన, ఎండుకొమ్మలపైన కూర్చుని మిడతలను, పెంకుపురుగులను చూసి వాలి పట్టుకునే ఈ పక్షి రైతుకు ఏడాది పొడవునా శుభమే చేస్తుంది. పసుల పోలిగాడు, కొంగలు కూడా ఇదే కోవలోనివి. మడిలో అక్కడక్కడ పక్షులు వాలేందుకు కొయ్యలు నాటితే అవి పురుగులను ఏరి తింటాయి. గింజ పాలు పోసుకునే ముందు మాత్రం ఆ కొయ్యలను తీసివేయాలి. లేకుంటే గింజలు తినే పిట్టలకు అవే ఆసనాలవుతాయి.

కప్పల సంగతి కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. కప్ప కాళ్లను విదేశాలకు ఎగుమతి చేసిన కాలంలో పొలాలలో కప్పలు తరిగిపోవడంతో పురుగుల బెడద గురించి ఆందోళన వ్యక్తమైంది. 1987లో భారత ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. రాత్రి మడిలో వినిపించే కప్పల బెకబెకలు కాపలా సాగుతున్నదనడానికి గుర్తు.

నగర పొలిమేర రైతుకు అదనపు జాగ్రత్తలు

అబ్దుల్లాపూర్‌మెట్ వంటి నగర పొలిమేర ప్రాంతాలలో కొన్ని ప్రత్యేక పరిస్థితులు ఉన్నాయి. నగరపు మురుగునీరు కలిసే మూసీ వంటి ప్రవాహం కింద సాగుచేసే పొలాలకు నీటితోపాటే నత్రజని అందుతుంది. దానిపై యూరియా మోతాదు తగ్గించకుండా వేస్తే పైరు అతిగా పచ్చబడి మెత్తబడుతుంది. అటువంటి పైరు సుడిదోమకు, ఆకుముడతకు ఆహ్వానం. భూసార పరీక్ష చేయించి, యూరియాను దఫదఫాలుగా, అవసరం మేరకే వేయాలి.

చుట్టూ పొలాలు ఇళ్ల స్థలాలుగా మారిన కొద్దీ గట్లు, చెరువు కట్టలు, పొదలు, పాత చెట్లు తగ్గిపోతాయి. కోత తర్వాత మిత్ర పురుగులు తలదాచుకునేది అక్కడే. మిగిలిన మడుల చుట్టూ ఉన్న పచ్చదనాన్ని అందువల్ల మరింత జాగ్రత్తగా కాపాడుకోవాలి. కొయ్యకాళ్లకు నిప్పు పెట్టడం మానాలి. రాత్రివేళ దీపాల వెలుగుకు కాండం తొలుచు పురుగు రెక్కల పురుగులు, దోమలు ఆకర్షితమవుతాయి. మడికి దగ్గరలోని వీధి దీపం కింద ఉదయాన్నే చూస్తే ఏ పురుగు వలస మొదలైందో తెలుసుకోవచ్చు. ఇళ్ల మధ్య ఉన్న మడిలో పిచికారీ చేస్తే గాలికి ఆ తుంపర పెరట్లకు, పిల్లలు ఆడుకునే చోటికి, పక్కన ఉన్న సేంద్రియ మడికి చేరుతుందన్న విషయం కూడా మరువరాదు.

మందు తప్పనిసరి అయినపుడు

లెక్క తేల్చిన తర్వాత మందు తప్పదని తేలితే, సుడిదోమకు బుప్రోఫెజిన్, పైమెట్రోజైన్ వంటి, దోమపై ప్రత్యేకంగా పనిచేసి మిత్ర పురుగులకు తక్కువ హాని చేసే మందులను ఎంచుకోవాలి. పైరిత్రాయిడ్లను వరిలో వాడరాదు. మడిలో నీరు తీసివేసి, పాయలు తీసి, దుబ్బుల మొదళ్లు తడిసేలా పిచికారీ చేయాలి. ఆకుల పైన చల్లిన మందు దోమకు చేరదు. రెండు మూడు మందులను కలిపి కొట్టడం, ఒకే మందును మళ్లీ మళ్లీ వాడడం మానాలి. పురుగు ఉన్న భాగానికే మందు పరిమితమైతే మిగిలిన మడిలోని సాలీళ్లు తిరిగి వచ్చి చేరతాయి. చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ లేకుండా, ఎదురుగాలిలో పిచికారీ చేయరాదు. మోతాదు విషయంలో దుకాణదారు మాటపై గాక మండల వ్యవసాయ అధికారి లేదా వ్యవసాయ విస్తరణ అధికారి సూచనపై ఆధారపడాలి. 2004 నుండి పనిచేస్తున్న కిసాన్ కాల్ సెంటర్‌కు 1800-180-1551 నంబరుపై ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే సలహా పొందవచ్చు.

చివరి మాట

సేంద్రియమా, సాధారణమా అన్నది ప్రతి రైతు తన నేలను, నీటిని, కుటుంబ పరిస్థితిని, మార్కెట్‌ను బట్టి తీసుకోవలసిన నిర్ణయం. కానీ ఏ పద్ధతిలోనైనా కాపలా కాసే సాలీడు ఒకటే, నల్లి ఒకటే, బదనిక ఒకటే. అవి కూలి అడగవు, సెలవు తీసుకోవు, రాత్రింబవళ్లు మడిలోనే ఉంటాయి. వాటిని ముందుగా చంపివేసుకుంటే వాటి పనిని కూడా రైతే సొమ్ము పోసి కొనుక్కోవలసి వస్తుంది. ఆ కొన్న పని ఎన్నడూ వాటి పనికి సాటి రాదు.

కనుక ఈసారి ఆకుపై తెల్లచార కనిపించినపుడు దుకాణానికి వెళ్లే ముందు మడిలోకి దిగండి. దుబ్బు వంచి చూడండి. మిత్రులెందరో, శత్రువులెందరో లెక్కించండి. నమ్మకం చిక్కకపోతే ఒక చిన్న మడిని మందు లేకుండా వదిలి, కోత నాడు రెండింటి ధాన్యాన్ని తూచి చూసుకోండి. మిగిలిన మడులకు ఏమి చేయాలో ఆ తూకమే చెబుతుంది.